బుడబుంగ పద్యం: టీకా తాత్పర్య సహితం

తెల్లవార గట్టు తీరాన నిలుచుండి
కంటికద్దమెత్తి కానబోవ
మూత తీయలేదు, ముందున్న బుడబుంగ
మునిగె నీట, నేను మునిగినట్లె

అవతారిక: ఫాల్గుణ మాసం. అనంతగిరి అడవిలో మోదుగులు ఎర్రగా పూసి, పక్క చెట్లు ఆకు రాల్చి నిలబడ్డ కాలం. కవిగారు కొత్త బైనాక్యులర్స్ మెడలో వేసుకుని, మూసీ పుట్టిన ఆ కొండల్లో ఒక కుంట దగ్గరికి చేరారు. 1930లలో సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశారని వికారాబాద్ దాకా చెబుతూనే వచ్చారు. తానూ ఆ పరంపరలోని వాడినేనని నోటితో అనలేదు గాని, ఆ టోపీ చూస్తే తెలుస్తూనే ఉంది.

ప్రతిపదార్థం: తెల్లవారన్ = అలారం మూడోసారి మోగిన మీదట; గట్టు తీరానన్ = కుంట ఒడ్డున; కంటికిన్ = కళ్లజోడు తీసిన కంటికి; అద్దము = బైనాక్యులర్స్; ఎత్తి = ముందు తిరగేసి, పిమ్మట సరిచేసి పట్టుకుని; కానన్ పోవన్ = చూడబోగా; మూత తీయలేదు = ఇంతకన్నా విప్పి చెప్పడానికి ఏమీ లేదు.

టీక: గట్టన్నా తీరమన్నా ఒకటే గదా, పునరుక్తి దోషం కాదా అని శంక. కాదు. కవి ముందు గట్టు మీద నిలుచున్నారు, ఆపైన జారి తీరానికి వచ్చారు. ప్యాంటు మీది బురద ఇందుకు ప్రమాణం.

అద్దము 8×42 రకం. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేదని, 42 అంటే ముందు కటకం వ్యాసం మిల్లీమీటర్లలోనని అర్థం. కవి రెండింటినీ గుణించి 336 రెట్లని దారిలో సెలవిచ్చారు. మూత ఉండగా ఎన్ని రెట్లయినా చీకటే కనుక మేము వాదించలేదు.

ఇక బుడబుంగ. బుడుంగున మునుగుతుంది గనుక బుడబుంగ అని మా వ్యుత్పత్తి. పావురం కన్నా చిన్నది, తోక ఉందా అంటే ఉందనాలి. వసంతానికి మెడా బుగ్గలూ ఇటుక రంగు తిరుగుతాయి, ముక్కు మొదట్లో పసుపు బొట్టు ఒకటి తేలుతుంది. వేళ్ల మధ్య బాతుకున్నట్టు చర్మం ఉండదు; ఏ వేలి రేకు ఆ వేలిదే. కాళ్లు ఒంటికి బాగా వెనకగా ఉండటంతో నీటిలో దొరసాని, నేల మీద మోకాళ్ల నొప్పుల మనిషి. గూడు నాచూ తుంగా పోగేసి నీటి మీదే కడుతుంది. గూడు వదిలి వెళ్లేటప్పుడు గుడ్ల మీద తడి నాచు కప్పిపోతుంది, వచ్చాక తీస్తుంది. మూత ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీయాలో తెలిసిన పక్షి ముందు మన కవిగారు నిలబడ్డారని పాఠకులు గమనించాలి.

(అదే సమయాన చెట్టు మీద ఏదో కూయగా, కవి "కోయిలమ్మ!" అని పరవశించారు. అలా కూకూ అని పాడేది మగది. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో, కాకిగూటి మీద కన్నేసి ఉంటుంది. పద్యంలో లేదు గనుక వదిలేస్తున్నాం.)

పాఠాంతరం: మూడో పాదంలో "మూత తీయలేదు" బదులు "మాట మానలేదు" అని ఉండాలని కవిగారి భార్య. యతి చెడుతుంది. ఆమె ఒప్పుకోరు. ఆ రోజు మేమూ అక్కడే ఉన్నాం గనుక ఈ విషయంలో మౌనం వహిస్తున్నాం.

అలంకారం: శ్లేష. పిట్ట మునగడం నీళ్లలో, కవి మునగడం వాయిదాలలో. ఇంకా ఆరు కట్టాలి.

తాత్పర్యం: పిట్ట మునిగింది. మేము మనసులో పదిహేను లెక్కపెట్టేసరికి తుంగ పక్కన, ఇంకా దగ్గరగా, తేలి ఒళ్లు దులుపుకుంది. అప్పటికి కవిగారు బైనాక్యులర్స్ సంచిలో పెట్టేసి, ఉప్మా డబ్బా మూత తీస్తున్నారు. అది ఒంటిచేత్తో వచ్చింది.