వసంతంలో రాలే ఆకు

చలిదేశాల్లో ఆకులు మామూలుగా చలికాలం ముందు రాలతాయి. కెనడాలోని టొరంటోలో ఒక ఆకుది మాత్రం తిరకాసు లెక్క. అది అక్టోబరులో నిగనిగలాడుతూ చిగురించి, ఏప్రిల్లోనో మే నెలలోనో, సరిగ్గా ఊరంతా పచ్చబడే వేళకి రాలిపోతుంది. దాని పేరు టొరంటో మేపుల్ లీఫ్స్. అది ఐస్ హాకీ జట్టు. ఎన్‌హెచ్‌ఎల్ అనే హాకీ లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్పును ఆ జట్టు ఆఖరుసారి గెలుచుకున్నది 1967 మే 2న. అప్పట్లో లీగు మొత్తానికీ ఉన్నవి ఆరు జట్లు. నాలుగు ప్లేఆఫ్స్‌కి వెళ్లేవి, రెండు సిరీస్‌లు గెలిస్తే కప్పు ఇంటికొచ్చేది. ఆ మరుసటి సీజన్‌కి జట్లు పన్నెండయ్యాయి, ఇప్పుడు 32. కొత్తవాళ్లు రావడం మొదలయ్యాక టొరంటో మర్యాదగా పక్కకి తప్పుకుంది.

ఇంత మర్యాదస్తుల జట్టు బుకీల జాబితాలో అట్టడుగున ఉండాలి కదా? అబ్బే! ఇటీవలి సంవత్సరాల్లో చాలా సీజన్లకు పైవరసలోనే కనిపించింది. 2018 జులైలో జాన్ టవారెస్ అనే మేటి ఆటగాడు ఏడేళ్లకు 7.7 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సొంతూరి జట్టుకి వచ్చాడు. చిన్నప్పుడు లీఫ్స్ బొమ్మలున్న దుప్పటి కింద నిద్రపోతున్న తన ఫొటోను కూడా లోకానికి చూపించాడు. ఊరు కరిగిపోయింది. కొందరు బుకీలు లీఫ్స్‌ని ఏకంగా కప్పు ఫేవరెట్ చేసేశారు. ఆ సీజన్ తొలి రౌండ్లోనే బోస్టన్ చేతిలో ముగిసింది. దుప్పటి మీద రేటు కడితే ఇలాగే ఉంటుంది.

ఒక చిన్న లెక్క. జట్టు రేటు ఒకటికి ఏడు అన్నారనుకుందాం. అంటే ఎనిమిదింట ఒక వంతు, పన్నెండున్నర శాతం అవకాశం ఉందని అర్థం. కప్పు కావాలంటే నాలుగు సిరీస్‌లు వరసగా గెలవాలి. ఒక్కో సిరీస్‌లో నాలుగు మ్యాచులు గెలవాలి కాబట్టి మొత్తం పదహారు విజయాలు. ఒక్కో సిరీస్ గెలిచే అవకాశం అరవై శాతం చొప్పున ఉంటే, నాలుగూ గెలిచే అవకాశం పదమూడు శాతం లోపే. కాబట్టి ఒకటికి ఏడు అనే రేటుకి పందెం కాసేవాడు, ఎదుట ఎవరొచ్చినా పదిసార్లలో ఆరుసార్లు మనవాళ్లదే గెలుపని సంతకం పెడుతున్నట్టే.

ఇక ఆ మనవాళ్ల జాతకం. 2013 నుంచి 2025 దాకా, 2020 నాటి అర్హత పోరును కూడా కలుపుకుంటే, లీఫ్స్ ఆడినవి పన్నెండు సిరీస్‌లు. గెలిచినవి రెండు: 2023లో టాంపా మీద, 2025లో ఒటావా మీద. ఏడో మ్యాచ్ దాకా వెళ్లినవి ఏడు, ఏడింటా ఏడుపే. 2013లో బోస్టన్ మీద చివరి పీరియడ్‌లో 4-1 ఆధిక్యంలో ఉండి ఓవర్‌టైమ్‌లో 5-4తో ఓడారు. 2021లో మాంట్రియల్ మీద మూడు ఒకటిగా ముందుండి, మిగిలిన మూడూ సమర్పించుకున్నారు. 2025లో ఫ్లోరిడా మీద తొలి రెండూ గెలిచి, ఏడో మ్యాచ్‌లో సొంతగడ్డ మీదే 6-1తో చిత్తయ్యారు. ఈ మధ్యకాలంలో కప్పు విషయంలో టొరంటో ఎవరికీ తీసిపోని సీజన్ ఒకటుంది. అది 2004-05. యాజమాన్యాలకూ ఆటగాళ్లకూ జీతాల తగువు ముదిరి ఆ సీజన్ మొత్తం రద్దయింది, కప్పు ఎవరికీ రాలేదు.

మరి బుకీలకు లెక్కలు రావా? భేషుగ్గా వచ్చు. రేటంటే జోస్యమని అనుకునేవాడు పందెం కాసేవాడు, అది సరుకు ధరని తెలిసినవాడు బుకీ. టొరంటో అభిమానులు సంఖ్యలో ఎక్కువ, జేబులో బరువున్నవాళ్లు, గుండెలో అంతకన్నా బరువున్నవాళ్లు. జట్టు ఎలా ఉన్నా వాళ్లు కొంటారు. ఎలాగూ కొనేవాడికి తగ్గింపు ఎవరిస్తారు? పైగా, ఖర్మకాలి కప్పు నిజంగానే వస్తే చెల్లించాల్సిన మొత్తం గుర్తొచ్చి, ముందుజాగ్రత్తగా రేటు ఇంకాస్త కుదిస్తారు. 32 జట్ల రేట్లనూ శాతాల్లోకి మార్చి కూడితే న్యాయంగా వంద రావాలి. ఎప్పుడూ వంద దాటుతుంది. ఆ పైచిలుకు బుకీ జీతం. టొరంటో అభిమాని ఆ జీతంతో పాటు బోనస్ కూడా కడుతున్నాడు.

ఇక్కడే విశ్లేషకులు రంగప్రవేశం చేస్తారు. సంక్రాంతికి భీమవరం బరుల దగ్గర కుక్కుట శాస్త్రం తిరగేసి, ఏ తిథికి డేగ గెలుస్తుందో, ఏ జాముకి కాకి మీద నెమలిది పైచేయో చెప్పే పెద్దలకు వీళ్లు ఏమాత్రం తీసిపోరు. తిథుల బదులు షాట్ల శాతాలు, నక్షత్రాల బదులు గోలీ (గోల్‌కీపర్) గణాంకాలు, అంతే తేడా. 2018-19లో టాంపా 62 మ్యాచులు గెలిచి 128 పాయింట్లు తెచ్చుకుంది. శాస్త్రం దాని పక్కనే నిలబడింది. కొలంబస్ తొలి రౌండ్లోనే ఆ జట్టును నాలుగుకి నాలుగూ ఓడించి ఇంటికి పంపింది. 2022-23లో బోస్టన్ 65 విజయాలు, 135 పాయింట్లతో లీగు రికార్డులు బద్దలుకొట్టింది. తొలి రౌండ్లో ఫ్లోరిడా మీద మూడు ఒకటిగా ముందుండి ఓడింది. లీగు దశలో అగ్రస్థానంలో నిలిచి కప్పు కూడా గెలిచిన జట్టు, 2013 నాటి షికాగో తర్వాత 2025 దాకా ఒక్కటీ లేదు.

అటు తిప్పి చూసినా అంతే. 2019 జనవరి 3 ఉదయానికి సెయింట్ లూయిస్ బ్లూస్ లీగులో ఆఖరి స్థానంలో ఉంది, జూన్‌లో కప్పు ఎత్తింది. అంతకు ముందు ఏడాది, పుట్టి ఏడాది తిరగని వేగస్ గోల్డెన్ నైట్స్‌కి బుకీలు ఒకటికి అయిదు వందల దాకా రేటిచ్చి నవ్వుకున్నారు. ఆ జట్టు ఫైనల్‌కి చేరేసరికి నవ్వు ఆగింది. వాషింగ్టన్ గెలిచి బుకీల పరువునూ గల్లాపెట్టెనూ కాపాడింది. గోల్స్ తక్కువగా పడే ఆటలో ఒక గోలీకి రెండు వారాలు చేయి తిరిగితే చాలు, ఆరు నెలల గణాంకాలు చెత్తబుట్టలోకి పోతాయి.

గోలీల మాటొచ్చింది కాబట్టి 2020 ఫిబ్రవరి 22 సంగతీ చెప్పుకోవాలి. ఆ రాత్రి టొరంటోలో కరోలినా జట్టు గోలీలిద్దరూ గాయపడ్డారు. నిబంధన ప్రకారం సిద్ధంగా ఉంచే అత్యవసర గోలీ డేవిడ్ ఏర్స్ బరిలోకి దిగాడు. వయసు 42. మంచును చదును చేసే జాంబోనీ బండి నడిపిన మనిషి, టొరంటో ఆటగాళ్లకే ప్రాక్టీసులో గోలీగా నిలబడేవాడు. మొదటి రెండు షాట్లూ వలలో పడ్డాయి. తర్వాతి ఎనిమిదీ ఆపేశాడు, కరోలినా 6-3తో గెలిచింది. 1967లో కప్పు గెలిచిన లీఫ్స్ గోలీల్లో ఒకరైన జానీ బౌవర్‌కి కూడా అప్పటికి 42 ఏళ్లే. వయసులో పొరపాటు లేదు, ఎటువైపు నిలబడ్డాడన్నదే తేడా.

కెనడా చట్టం కూడా అభిమానికి తోడ్పడింది. ఒకే మ్యాచ్ మీద పందేన్ని ఆ దేశం 2021 ఆగస్టు 27న చట్టబద్ధం చేసింది. అంతకుముందు కొన్ని మ్యాచులను కలిపి కాయాల్సి వచ్చేది. 2022 ఏప్రిల్ 4న ఒంటారియో రాష్ట్రం ప్రైవేటు కంపెనీల ఆన్‌లైన్ బెట్టింగ్‌కి తలుపులు తెరిచింది. ఇకనేం, టీవీల్లో మ్యాచుల మధ్య ప్రకటనలో, ప్రకటనల మధ్య మ్యాచులో తెలియకుండా పోయింది. హాకీ దిగ్గజాలు వేన్ గ్రెట్‌జ్కీ, కానర్ మెక్‌డేవిడ్, లీఫ్స్ తార ఆస్టన్ మాథ్యూస్ బెట్టింగ్ కంపెనీలకు ప్రచారం చేశారు. పిల్లలు చెడిపోతారని భయపడ్డ ఒంటారియో, 2024 ఫిబ్రవరి 28 నుంచి అలాంటి ప్రకటనల్లో క్రీడాకారులు కనిపించకూడదంది. ప్రకటనలు వద్దని మాత్రం అనలేదు.

ఇంతకీ లీఫ్స్ పుణ్యమా అని ఎవరూ పందెంలో బాగుపడలేదా అంటే, ఒకాయన ఉన్నాడు. జట్టుకి ఈ పేరు పెట్టిన యజమాని కాన్ స్మైత్. 1930లో ఒటావా నుంచి కింగ్ క్లాన్సీ అనే ఆటగాణ్ణి కొనాలంటే 35 వేల డాలర్లతో పాటు ఇద్దరు ఆటగాళ్లనూ ఇవ్వాలి. చేతిలో సొమ్ము చాలదు. ఆయన తన గుర్రం రేర్ జ్యుయెల్ మీద ఉడ్‌బైన్ రేసుల్లో పందెం కాశాడు. ఒకటికి వందకు పైగా రేటున్న ఆ గుర్రం గెలిచింది, క్లాన్సీ వచ్చాడు, 1932లో లీఫ్స్ కప్పు కొట్టింది. జట్టు చరిత్రలో కప్పుకి దారి తీసిన పందెంగా అది పేరు నిలుపుకుంది, అదీ గుర్రం మీద. ఉడ్‌బైన్ పేరుతో టొరంటోలో ఇప్పటికీ రేసుకోర్సు నడుస్తోంది. లీఫ్స్ అభిమానులకు దాని దారి తెలియక కాదు.