రౌటర్‌కు కొన్ని తలకిందుల సలహాలు

ప్యాకెట్లు పారేయండి. నా మొదటి సలహా ఇదే. ఇంట్లో నెట్ నత్తనడక నడుస్తోందంటే ఎక్కువ మెమరీ ఉన్న రౌటర్ కొనమనేవాళ్లే అందరూ. కొనకండి.

రౌటర్‌లోకి ఒక ఇంటర్‌ఫేస్ నుంచి వచ్చిన ప్యాకెట్, అంటే డేటా ముక్క, ఇంకో ఇంటర్‌ఫేస్ గుండా బయటికెళ్లాలి. వైఫై వందల మెగాబిట్ల వేగంతో తెచ్చి పోస్తుంది. బయటి లైన్‌లో అప్‌లోడ్ 10 మెగాబిట్లే అనుకుందాం. మిగిలినవన్నీ బఫర్ అనే తాత్కాలిక మెమరీలో క్యూ కడతాయి. లినక్స్‌లో ఆ క్యూ మామూలుగా 1,000 ప్యాకెట్ల దాకా పెరిగేది. ఒక్కోటి 1,500 బైట్లు, అంటే మొత్తం 1.2 కోట్ల బిట్లు. చివరి ప్యాకెట్ గడప దాటేసరికి 1.2 సెకన్లు. ఒకపక్క పెళ్లి వీడియో అప్‌లోడ్ అవుతోంది, మరోపక్క డల్లాస్‌లో ఉన్న కూతురితో మాట్లాడుతున్నారు. మీ ‘భోంచేశావా అమ్మా’ ఆ వీడియో ముక్కల వెనక నిలబడుతుంది. ఈలోపు అమ్మాయి ఇంకో మాట ఎత్తుకుంటుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. ఆలస్యంగా చేరిన మాట పెళ్లయ్యాక అందిన శుభలేఖే.

పారేస్తే నష్టం కదా అంటారా? ఆ నష్టమే కబురు. 1986లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ, 400 గజాల దూరంలోని బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. దాన్ని శోధించిన వాన్ జాకబ్సన్, ప్యాకెట్ పోయిందంటే దారి కిక్కిరిసిందని గ్రహించి పంపేవాడు నెమ్మదించేలా, డేటా పంపకాన్ని నడిపే టీసీపీ నియమాలను 1988లో చక్కదిద్దాడు. బఫర్ పెద్దదైతే ఆ కబురు వెళ్లదు, పంపేవాడు ఇంకా గుమ్మరిస్తూనే ఉంటాడు. అంతులేని మెమరీ ఉన్నా లాభం లేదని, క్యూలోనే ప్యాకెట్ల ఆయువు తీరిపోతుందని 1985లోనే జాన్ నేగల్ రాశాడు. అయినా మెమరీ చవకైన కొద్దీ తయారీదారులు బఫర్లు పెంచుకుంటూ పోయారు. నాకు కోపం తెప్పించేది అదే.

పారేసేటప్పుడు కూడా క్యూలో ముందున్నదాన్నే పారేయాలి. కాథ్లీన్ నికల్స్, జాకబ్సన్ కలిసి 2012లో ప్రకటించిన కోడెల్ పద్ధతి ఇదే. క్యూ ఎంత పొడుగన్నది దానికి అనవసరం. ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందన్నదే లెక్క. 100 మిల్లీసెకన్ల పాటు ఏ ఒక్కటీ 5 మిల్లీసెకన్ల లోపు బయటపడకపోతే ముందున్నదానికి మంగళం. వెనకున్నదాన్ని పారేస్తే, ఆ సంగతి పంపేవాడికి తెలియడానికి క్యూ మొత్తం కరగాలి మరి.

ఇంకో సలహా. డబ్బు కట్టిన వేగం కంటే తక్కువ పెట్టుకోండి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ నడిచే రౌటరైతే ఎస్‌క్యూఎం అనే అమరిక వేసుకోవచ్చు. అందులో 10 మెగాబిట్లకు 9 అని ఇవ్వండి. ఒక మెగాబిట్ పోయిందని మనసు పీకుతుంది, నిజమే. కానీ క్యూ ఎప్పుడూ ఇరుకైన చోటే పుడుతుంది. ఆ ఇరుకు మోడెమ్‌లో ఉంటే మీ చేతిలో ఏమీ లేదు. రౌటర్‌లోకి తెచ్చుకుంటే కేక్, ఎఫ్‌క్యూ-కోడెల్ అనే క్యూ పద్ధతులు దాన్ని చక్కబెడతాయి, మీ మాటకు విడిగా వరస ఇస్తాయి.

బఫరే వద్దనడం లేదు. ప్యాకెట్లు గుంపుగా వస్తాయి, కాసేపు నిలబడే చోటు కావాలి.

స్పీడ్ టెస్ట్ అంకె ఒక్కటే చూసి మురిసిపోకండి. పెద్ద ఫైలు అప్‌లోడ్‌కు పెట్టి, అది సాగుతుండగానే పింగ్, అంటే కబురు వెళ్లి తిరిగొచ్చే సమయం, చూడండి. ఊరికే ఉన్నప్పుడు 20 మిల్లీసెకన్లున్నది 1,000 దాటితే, ఆ 9 అంకె ఇవాళే ఇచ్చేయండి.