ఆశీర్వాదమంటే మేడలూ కార్లేనా?

మా రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో విశ్వాసి ఇల్లేదని అడిగితే ఊరివాళ్లు నడవడిని బట్టి చూపించేవారు. సారా ముట్టని ఇల్లు, చేసిన అప్పు మాట ప్రకారం తీర్చే ఇల్లు, పొరుగున జ్వరమొస్తే గంజి కాచి పంపే ఇల్లు అనేవారు. ఇప్పుడు మైకు మోతను బట్టి గుర్తుపట్టాల్సి వస్తోంది.

అప్పట్లో మా అమ్మలు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం అవి గుడికి చేరి, కాపరి ఇంటికీ దిక్కులేనివాళ్లకీ అన్నమయ్యేవి. ఎవరెంత వేశారో ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు కానుకిస్తే ఫ్లెక్సీ మీద ఫొటో పడాలి.

1803లో పర్లాకిమిడి దగ్గర పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు మన ప్రాంతంలో సువార్త చెబుతూ వందకు పైగా కీర్తనలు రాశారు. అక్షరం రాని ముసలమ్మలు కూడా వాటిని కంఠతా పాడుతూ తమ తప్పులు ఒప్పుకుని కన్నీళ్లు పెట్టుకునేవారు. నేటి పాటల్లో దేవుణ్ణి అడగటమే ఎక్కువ. కరెంటు పోతే కీబోర్డుతో పాటు పాటా ఆగిపోతోంది.

సోంపేటలో కెనడా బాప్టిస్టు డాక్టర్ బెన్ గల్లిసన్ పేదల కళ్లకు ఆపరేషన్లు చేశారు. ఆ పనికి సాయంగా 1963లో కాల్గరీలో ఆర్ట్ జెంకిన్స్ మొదలుపెట్టినదే ఆపరేషన్ ఐసైట్ సంస్థ. అయినవాళ్లే గడప తొక్కనివ్వని రోగులను సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి అక్కున చేర్చుకుంది. విశ్వాసమంటే చేతులతో చేసే పని అని మేం అక్కడ నేర్చుకున్నాం. ఇప్పుడు స్వస్థత సభలని చెప్పి, రోగి చేత వాడుతున్న మాత్రలు మానిపించేవాళ్లు బయల్దేరారు. ఇది విశ్వాసం కాదు, ప్రాణాలతో చెలగాటం.

ఆశీర్వాదమంటే వీసా, కారు, మేడ అని పిల్లలకు నేర్పుతున్నారు. కొండమీది ప్రసంగంలో ప్రభువు ధన్యులన్నది దీనులను, సాత్వికులను, కనికరం గలవారిని, సమాధానపరిచేవారిని. కూలికెళ్లి గుట్టుగా బతికిన మా పెద్దల్లో అలాంటివాళ్లను చూశాను. కాలం మారింది తాతా అంటారు మనవలు. కాలం మారినా దీర్ఘశాంతం, ఆశానిగ్రహం పాతబడవు.

బాబూ, ఈ ఆదివారం ఆరాధన అయ్యాక నీతో మాటల్లేని అన్న ఇంటికో తమ్ముడి ఇంటికో నువ్వే ముందు వెళ్లు. పనివాడి కూలి పొద్దుగూకే లోపు చేతిలో పెట్టు. ఆశీర్వాదం కోసం వేరే సభలకు పరిగెత్తాల్సిన పని లేదు.