బల్లలో మనిషి: సటీకా తాత్పర్యము

మూలం: ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’లో వేగమే ఇతివృత్తం, వేగమే శైలి.

అవతారిక: 1940లో హోవర్డ్ హాక్స్ తీసిన ఈ పత్రికాఫీసు ప్రహసనం మీద ఏ ఫిలిం క్లబ్బులో ఎవరు మైకు పట్టుకున్నా ముందు ఈ సూత్రం వల్లించి, తరవాత మంచినీళ్లు తాగుతారు. మూలంలో లేనిది రాయనని కోలాచల మల్లినాథసూరి ఒట్టేసుకున్నాడు. వీరికి మూలంతో పనే లేదు.

ప్రతిపదార్థం: సులభం. వదిలేశాం.

అన్వయం: 1928 నాటి నాటకం ‘ది ఫ్రంట్ పేజ్’లో హిల్డీ మగ విలేకరి. హాక్స్ ఆ పాత్రను స్త్రీగా మార్చి, సంపాదకుడు వాల్టర్‌కు మాజీ భార్యను చేశాడు. ఇక రోజలిండ్ రస్సెల్ మాట ముగియకముందే కేరీ గ్రాంట్ అందుకుంటాడు, అతని మాట ముగియనివ్వకుండా ఈవిడ. శృంగారం నుంచి హాస్యం పుడుతుందన్న భరతుడికి ఇంతకన్నా సాక్ష్యం దొరకదు. ఇంతవరకూ వక్తగారితో మాకు పేచీ లేదు.

విశేషం: ఉరిశిక్ష పడ్డ ఎర్ల్ విలియమ్స్ తప్పించుకొచ్చి, కోర్టు భవనంలో విలేకర్ల గదిలోనే, జారుడు మూత ఉన్న రాతబల్లలో దాక్కుంటాడు. నైయాయికులకు ఈ బల్ల పెన్నిధి. కొండమీది పొగ, దానికింది నిప్పు ఎన్నాళ్లని నమలడం? వాల్టర్ ఆవేశంలో బల్ల గుద్దాడు. లోపల్నుంచి తిరిగి చప్పుడైంది. కాబట్టి లోపల మనిషున్నాడు. పక్షం బల్ల, హేతువు చప్పుడు, సాధ్యం ఎర్ల్. ఎలుకైనా కావచ్చు కదా అని పూర్వపక్షం. ఎలుక లెక్కపెట్టుకుని మూడుసార్లే కొట్టదని సిద్ధాంతం. తర్కం చదవకపోయినా షరీఫ్‌గారి బలగం తుపాకులు తీసింది, అదీ ప్రమాణమే. ఉపాధి చర్చ కూడా చేయాలని ఉంది గానీ, ఏం చెబుతున్నాం? ఆ, వేగం.

తాత్పర్యం: ఎర్ల్‌ను మనిషిగా చూసినది మోలీ మలాయ్. ఆ బల్ల గుద్దుడికి ముందే విలేకర్లు అతని జాడ చెప్పమని మీదపడితే, వాళ్ల దృష్టి మళ్లించడానికి ఆమె కిటికీలోంచి దూకేసింది. వాళ్లు తొంగిచూసి కిందికి పరిగెత్తారు. వాల్టర్ వచ్చాడు, బల్ల సంగతి తేల్చాడు, ఫోను ఎత్తాడు. మోలీ ఏమైందో ఆ గదిలో ఎవరికీ పట్టదు. హాక్స్ నవ్వుతూ చూపించిన క్రౌర్యం ఇదే. వేగం దేనికోసమో ఇక్కడ తెలుస్తుంది. మన వక్తగారు మాత్రం ఆ విలేకర్ల వెంటే మెట్లు దిగిపోయారు! గంటసేపు మాట్లాడిన పెద్దమనిషికి ఆమె పేరెత్తడానికి అర నిమిషం దొరకలేదా? రౌద్రం నుంచి కరుణ పుడుతుందని అదే భరతుడు అదే అధ్యాయంలో చెప్పాడు. చదివితేగా.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో మోలీ ఉండవలసిన చోట హిల్డీ చారల కోటు మీద రెండు పేజీలు కనిపిస్తున్నాయి. లేఖకదోషమని సరిపెట్టుకుందామంటే, చేతిరాత వక్తగారిదే.