పడ్డదా, పడలేదా?

మా మనవడి ఫోన్లో ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఆదివారం దోస్తులంతా కలిసి మాల్‌లో బౌలింగ్ ఆడటానికని పెట్టుకున్నారు. సోమవారం నుంచే మొదలవుతుంది తతంగం. ఎవరెవరు వస్తారో చెప్పమని ఓటింగు. స్లాట్ ఎన్నింటికి, తార్నాకలో కలవాలా హబ్సిగూడలో కలవాలా, సాక్సులు ఇంటి నుంచి తెచ్చుకోవాలా, డబ్బులు ముందే కొట్టాలా... శనివారం రాత్రికి ముగ్గురు "సారీ బ్రో" అంటారు. మిగిలినవాళ్లు వెళ్లి గంటసేపు ఆడి, రెండు గంటలు తిని వస్తారు. "ఎవడు గెలిచాడ్రా?" అని అడిగితే మావాడు ఫోన్ తీసి చూసి చెబుతాడు. తాను గెలిచాడో ఓడాడో ఫొటో చూస్తే తప్ప గుర్తురాని ఆట, అదేం ఆట నాయనా!

మా రోజుల్లో నల్లకుంటలో ఆదివారం మ్యాచ్ పెట్టాలంటే సందు మొగలో నిలబడి ఒక్క కేక వేస్తే సరిపోయేది. శంకరమఠం వైపు నుంచి కొందరు, ఫీవరాసుపత్రి వెనక నుంచి కొందరు, విద్యానగర్ నుంచి ఇద్దరు ముగ్గురు. రానివాడి ఇంటి ముందుకే పోయి పిలిచేవాళ్లం. వాళ్ల నాన్న బయటికి వస్తే అందరం మాయం. ఎన్‌సీసీ గేటు దాటి ఉస్మానియా క్యాంపస్‌లోకి పోతే సీతాఫలం పొదలు, బండలు, ఎవరూ పట్టించుకోని ఒక మొండిగోడ. ఆ గోడ మీద డబ్బాలు వరసగా నిలబెట్టి గులేర్లతో కొట్టడమే మా షూటింగ్ మ్యాచ్.

డబ్బాలు ఎవడింటి నుంచి వాడు తేవాలి. డాల్డా డబ్బా పెద్దది, ఎవడైనా కొడతాడు కాబట్టి ఒకటే పాయింటు. అమూల్ పాలడబ్బాకు రెండు, సన్నటి పౌడర్ డబ్బాకు మూడు. అన్నిటికంటే ఎక్కువ విలువ చార్మినార్ సిగరెట్ పెట్టెకు. ఆ సిగరెట్లు చేసే వజీర్ సుల్తాన్ కంపెనీ మాకు పక్కనే, ఆజామాబాద్‌లో. కనక ఖాళీ పెట్టెలకు కరువే లేదు. ఉత్త పెట్టె గాలికే పడుతుందని దాంట్లో ఇసుక నింపేవాళ్లం. ఎంత నింపాలన్నది మళ్లీ ఒక పంచాయితీ.

గులేరు కొనే వస్తువు కాదు. జామకొమ్మలో సరైన పంగ కోసం చెట్టంతా వెతకాలి. రెండు చేతులూ సమంగా ఉన్నది కోసి, తోలు తీసి, పొయ్యి సెగకు కాస్త కాచి ఆరబెట్టాలి. సైకిల్ షాపులో పాత ట్యూబు అడిగి వేలెడు వెడల్పున రెండు పట్టీలు కోసుకోవాలి. మధ్యలో రాయి పెట్టే చోటికి పాత బూటు నాలుక. రాళ్లు వాడితే తలలు పగులుతాయని మట్టి ఉండలు చేసేవాళ్లం. బతుకమ్మకుంట నుంచి తెచ్చిన మన్ను పిసికి, గోలీలంత ఉండలు చుట్టి, డాబా మీద ఎండబెట్టాలి. (ఆ కుంట నడుమ పూడిపోయి మాయమైంది. ఈమధ్య హైడ్రావాళ్లు తవ్వి మళ్లీ నీళ్లు తెప్పించారు. ఈ కాలంలో జరిగిన ఒక మంచి పనిని నేనూ ఒప్పుకుంటున్నాను, రాసి పెట్టుకోండి.)

రూలు ఒక్కటే. డబ్బా గోడ అవతల నేల మీద పడాలి. ఒరిగితే చెల్లదు, దొర్లి గోడ మీదే ఆగినా చెల్లదు. అసలు మజా అంతా అక్కడే ఉండేది. పౌడర్ డబ్బాకు దెబ్బ తగిలి, దొర్లి దొర్లి, గోడ అంచున సగం బయటికి వేలాడుతూ ఆగుతుంది. కొట్టినవాడు "పడ్డది!" అంటాడు. అవతలి జట్టు "యాడ పడ్డదిరా? గోడ మీదనే ఉన్నది కద, కండ్లు కనవడ్తలేవా?" అంటుంది. "గాలొస్తె పడ్తది." "అయితె గాలొచ్చినంక లెక్క రాస్కో." ఇంతలో నిజంగానే గాలొచ్చి డబ్బా కింద పడుతుంది. ఇక రెండో పేచీ: గాలి పడగొట్టిన డబ్బా ఎవరి లెక్క? దీని మీద మధ్యాహ్నం భోజనాల వేళ దాకా వాదించి, కాలర్లు పట్టుకుని, తీర్పు రాకుండానే ఇంటికి పోయిన ఆదివారాలున్నాయి. సాయంత్రానికి మళ్లీ అదే గోడ దగ్గర అందరం.

తీర్పు చెప్పాల్సినవాడు నిలబెట్టేటోడు. గోడ పక్కన చెట్టు చాటున కూర్చుని, పడిన డబ్బాలు ఏరి మళ్లీ నిలబెట్టడం వాడి పని. దగ్గర నుంచి చూసేది వాడొక్కడే కాబట్టి వాడి మాటే చెల్లాలి. అందుకే రెండు జట్లూ వాడిని కాకా పట్టేవి. జామకాయలు, ఉప్పూకారం, ఒక్కోసారి సినిమా టికెట్ హామీ. లంచం తీసుకుని కూడా న్యాయం చెప్పిన నిలబెట్టేటోళ్లను నేను చూశాను.

ఇప్పటి బౌలింగ్‌లో ఆ మనిషే లేడు. అరవై అడుగుల నున్నటి చెక్కబాట, చివర పది పిన్నులు, ఒక్కొక్కటి పదిహేను అంగుళాల ఎత్తు. పడితే మిషను ఊడ్చుకుపోతుంది, మిషనే నిలబెడుతుంది, లెక్క తెర మీద పడుతుంది. అమెరికాలోనూ ఒకప్పుడు కుర్రాళ్లే పిన్నులు నిలబెట్టేవాళ్లట. 1950లలో మిషన్లు వచ్చి వాళ్ల కొలువు ఖలాస్. కొట్లాటకు సందివ్వని ఆటలో దోస్తీ ఎక్కడి నుంచి వస్తుంది? తెరతో ఎవడైనా పోట్లాడగలడా?

టెక్సస్‌లో ఉండే మా మేనల్లుడు మొన్న వీడియో కాల్‌లో "మామా, మేం గూడ మీ డబ్బాలాటనే ఆడుతున్నం" అన్నాడు. బౌలింగ్ సెంటర్లు పారేసిన పాత పిన్నులు తెచ్చి, బల్ల మీద ఐదింటిని వరసగా పెట్టి, పిస్తోళ్లతో కొడతారట. 1970లలో మిషిగన్‌లో తూటాలు దిగని చొక్కాలు తయారుచేసిన రిచర్డ్ డేవిస్ ఈ పోటీలకు పేరు తెచ్చాడు. రూలు వినండి: పిన్ను బల్ల మీద పడితే చాలదు, బల్ల దిగి నేల మీద పడాలి. ఎవడు ముందు బల్ల ఖాళీ చేస్తే వాడు గెలిచినట్టు. మా మొండిగోడ రూలు ఏడు సముద్రాలు దాటి ఎట్లా పోయిందో! పైగా అందరూ తుపాకులు ఖాళీ చేసి కింద పెట్టాక, ఒకడు నడుచుకుంటూ పోయి పిన్నులు నిలబెట్టాల్సిందేనట. ఆ ఒక్క మాటకు మావాడిని మెచ్చుకున్నాను. దోస్తులతో పొద్దుపోవడానికి నిజం తూటాలెందుకురా అని మాత్రం తిట్టాను.

తుపాకీ మాకేమీ కొత్త కాదు. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ కుర్రాళ్లకు ఎన్‌సీసీ తప్పనిసరి చేశారు, 1968లో మళ్లీ మీ ఇష్టం అన్నారు. ఆ నడుమ చదువుకున్నవాళ్లం కాబట్టి పాయింట్ ట్వంటీటూ రైఫిల్ పట్టనివాడు మాలో లేడు. జంపఖానా మీద బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, ఇచ్చిన ఐదు గుండ్లు కాల్చి, ఖాళీ ఖోఖాలు లెక్కపెట్టి అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా గడ్డిలో పాకి వెతకాల్సిందే. అక్కడ మాట్లాడితే పనిష్‌మెంటు కాబట్టి అది మాకు ఆటలా అనిపించలేదు.

ఆటంటే నుమాయిష్. 1938లో దాన్ని మొదలుపెట్టింది మన ఉస్మానియా పట్టభద్రులే. జనవరి ఒకటో తారీఖు వచ్చిందంటే నాంపల్లి పోయి బెలూన్లు కొట్టేవాళ్లం. ఒకడు కాలుస్తుంటే వెనక నలుగురు "కిందికి పట్టు", "ఎడమకు" అంటూ చెవి కొరికేవాళ్లు. బెలూను పగిలితే సలహా ఇచ్చినవాడి గొప్ప, పగలకపోతే కాల్చినవాడి ఖర్మ.

ఇప్పటి పిల్లలకు నిశానా లేదని నేననను. బేగంపేట కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు తెచ్చాడు. పది మీటర్ల దూరాన, నడిమి చుక్క అర మిల్లీమీటరు! మా డాల్డా డబ్బా దాని ముందు ఏనుగు. మన ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకే పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయ్యింది. వాళ్లకు దండం. గురి మీద అంత పట్టుదల ఉన్న పిల్లలను రేంజికి పంపండి, కోచ్ చేతిలో పెట్టండి. ఎయిర్‌గన్ కొనిచ్చి డాబా ఎక్కించకండి.

మిగతావాళ్లకు డబ్బాలు చాలు. గులేరు కూడా వద్దు, ఇప్పుడు ఎటు చూసినా కార్ల అద్దాలే. రబ్బరు బంతితో ఆడండి. డాల్డా డబ్బాలు రెండు మా అటక మీదే ఉన్నాయి, వచ్చి పట్టుకుపోండి. నిలబెట్టేటోడు కావాలంటే నాకు ఒక కేక వేయండి, వస్తాను. మోకాళ్లు వంగవు కనక గోడ నడుము ఎత్తున ఉండాలి. జామకాయలు మాత్రం మెత్తనివి తేవాలి.