తైలసూత్రమునకు టీకాతాత్పర్యములు

అవతారిక

హైదరాబాదున చాంద్రాయణగుట్ట కూడలిలో ఫ్లైఓవరు నీడను విడిచి దక్షిణముఖముగా బయలుదేరి, బార్కసు బజారు దాటి, పహాడీషరీఫు దర్గా గుట్టను ప్రక్కన నుంచుకొని, తుక్కుగూడ మీదుగా సాగి, డిండి గడచి, మన్ననూరువద్ద నల్లమలలో ప్రవేశించి, ఈగలపెంట మలుపులలో కృష్ణకు దిగి మల్లికార్జునుని సన్నిధి చేరు మార్గము, రెండువందల కిలోమీటర్లకు పైబడినది, నేడు 765వ సంఖ్యగల జాతీయ రహదారిగా వ్యవహరింపబడుచున్నది. పూర్వము భక్తులు కాలినడకను పోయిన ఈ త్రోవను ఇప్పటి యువకులు మోటారుసైకిళ్లపై, అడవి గేటు రాత్రివేళ మూసియుండును గావున వేకువ లెక్క చూచుకొని, పోవుచున్నారు. తుక్కుగూడ దాటి జనసమ్మర్దము పలుచబడి, బండి నాలుగవ గేరున నిలకడగా నడచుచుండగా, వారి చెవులకు మొట్టమొదట సోకునది పక్షికూజితము గాదు, గాలిహోరు గాదు. పెట్రోలు ట్యాంకు క్రిందినుండి వెలువడు సన్నని యెడతెగని కూత. వేగము హెచ్చినకొలది అది శ్రుతి హెచ్చించును, తగ్గినకొలది తగ్గించును. తిరిగివచ్చిన పిదప వారు వాడలోని ఉస్తాదు కడకుఁ బోయి అడుగు ప్రశ్న యొక్కటే: ఏ ఆయిలు పోసిన ఈ కూత అణగును?

ఈ ప్రశ్నకు సమాధానము ప్రతి ఆయిలు డబ్బామీదను సూత్రరూపమున ముద్రింపబడియే యున్నది. అయినను సూత్రము వ్యాఖ్యానము లేక తెలియదు. మెదకు జిల్లా కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి నిరాధారమైనదానిని గాని, నిష్ప్రయోజనమైనదానిని గాని తన వ్యాఖ్యలలో చేరనీయనని నియమము పెట్టుకొన్నవాడు. ఆ మహనీయునికి పొరుగుజిల్లావాడనగుటచే నేనును నియమమున మొదటి సగమును పాటింతును. రెండవ సగమును పాటించినచో ఈ వ్యాసము ఇచ్చటనే ముగియవలసివచ్చును.

మూలము

15 డబ్ల్యు 50, ఏ.పీ.ఐ. ఎస్.ఎల్., జాసో ఎమ్.ఏ. 2, సెమీ సింథటిక్.

ఇది 2016లో వెలువడిన 411 సీసీల హిమాలయను బండికి రాయల్ ఎన్‌ఫీల్డువారు విధించిన పాఠము. దీర్ఘయాత్రలకై నిర్మింపబడి ఈ మార్గమున తఱచు కానవచ్చు బండి గనుక దీనినే గ్రహించితిని. ఇతర బండ్లకు పాఠభేదములు గలవు, వ్యాఖ్యానరీతి యొక్కటే.

ప్రతిపదార్థము

15 డబ్ల్యు = అతిశీతలస్థితిలో తైలమున కుండవలసిన జారుదనమును తెలుపు సంఖ్య. 1905లో అమెరికాలో ఏర్పడిన ఎస్.ఏ.ఈ. సంఘము 1911లో తైలములను చిక్కదనమునుబట్టి వర్గీకరించుట నారంభించినది. డబ్ల్యు అక్షరము శీతకాలమునకు సంకేతము. నేటి ప్రమాణము ననుసరించి 15 డబ్ల్యు అనిపించుకొనుటకు తైలము సున్నకు 20 డిగ్రీలు దిగువ చలిలో 7000 సెంటిపాయిజులకు మించి చిక్కబడరాదు. చాంద్రాయణగుట్టలో పుష్యమాసమున ఉష్ణోగ్రత పది పన్నెండు డిగ్రీలకు దిగినంతనే పెద్దలు చెవులకు మఫ్లర్లు చుట్టుకొని చాయ్ హోటలులో రెండవ కప్పుకు సిద్ధపడుదురు. సున్నకు దిగువ 20 వారెన్నడును కనినది గాదు, వినినది గాదు. కావున ఈ నగరమున ఈ పదము ఛందస్సు నింపుటకై వాడబడిన పాదపూరణమువంటిదని గ్రహించునది. లడఖు పోవువారికి మాత్రము ఇది సార్థకము.

50 = సూత్రమునకు ప్రాణమైన పదము. నూరు డిగ్రీల వేడిలో, అనగా ఇంజను బాగుగా కాగిన పిమ్మట, తైలపు చిక్కదనము 16.3 సెంటిస్టోకులకు తక్కువ గాకయు 21.9కి చేరకయు ఉండవలెనని దీని భావము. 40 అని యున్నచో 12.5 మొదలు 16.3 లోపల. గాలిచే చల్లబడు ఇంజను గల బండి వైశాఖమాసపు మధ్యాహ్నమున బండ్లగూడ దారిలో ఆటోల నడుమ నిలిచి కుతకుతలాడు నప్పుడు ఆ యజమానిని కాపాడునది ఈ సంఖ్యయే.

ఏ.పీ.ఐ. ఎస్.ఎల్. = 1919లో స్థాపింపబడిన అమెరికను పెట్రోలియము సంస్థ యిచ్చిన యోగ్యతాక్షరములు. ఎస్ అనునది పెట్రోలు ఇంజన్లకు గుర్తు. రెండవ యక్షరము తరమును సూచించును. ఎల్ 2001 నాటిది. పిమ్మట ఎమ్, ఎన్, పి వరుసగా 2004, 2010, 2020లలో వెలువడినవి. మసి, బంక, అఱుగుదల మున్నగువానినుండి రక్షణ తరతరమునకు మెఱుగగుచు వచ్చినది.

జాసో ఎమ్.ఏ. 2 = జపానువారి మోటారుసైకిలు తైలప్రమాణము, 1998లో పుట్టినది. ఈ ఎమ్.ఏ. వర్గమును 2006లో రెండుగా చీల్చి, రాపిడి హెచ్చుగా నిలుపుదానికి 2 అని పేరుపెట్టిరి. తైలమునకు రాపిడి యెందులకని శంకింపవలదు. ఈ బండ్లలో ఇంజనుకును, గేర్లకును, క్లచ్చి ప్లేట్లకును ఒక్కటే తైలము. తడిక్లచ్చి పట్టువిడువకుండుటకు ప్లేట్లనడుమ తగినంత ఘర్షణ యుండితీరవలెను. కారు ఇంజన్లకై చేసిన ఆయిలులో ఇంధనము పొదుపుచేయు జారుడు ద్రవ్యములు కలిపియుందురు. కూత తగ్గునను ఆశతో దానిని మోటారుసైకిలున పోసినవారికి ఈగలపెంట ఎక్కుడులో ఇంజను రొదచేయుటయు, చక్రము కదలకుండుటయు ఏకకాలమున అనుభవమునకు వచ్చును.

సెమీ సింథటిక్ = ఖనిజతైలమున సింథటిక్ పాలు కలిపినది. ఎంతపాలు కలుపవలెనో ఏ ప్రమాణమును నిర్ణయింపలేదు. కాబట్టి డబ్బామీది పదములన్నిటిలోను లెక్కకు అందనిది ఇదియే, అన్నిటికంటె పెద్ద అక్షరములలో ముద్రింపబడునదియు ఇదియే.

తాత్పర్యము

ఈ సూత్రమున చలి యున్నది, వేడి యున్నది, మసి యున్నది, క్లచ్చి యున్నది. కూతను గూర్చి ఒక్క యక్షరమును లేదు. చిక్కదనమునకు సంఖ్య నిచ్చిన శాస్త్రకారులు మౌనమునకు సంఖ్య నీయలేదు. ఇంజను నిశ్శబ్దముగా నడచునని ఏ కంపెనీవారైన డబ్బాపై పలికినచో ఆ వాక్యమును అర్థవాదముగా, అనగా స్తుతిగా, గ్రహింపవలెనేగాని విధిగా గ్రహింపరాదు.

విశేషములు

కూత పుట్టుక తెలియనిదే దాని శాంతి చెప్పుట తగదు. మోటారుసైకిలు గేర్లు చాలవఱకు నిలువు పండ్లవి. అనగా పన్ను ఇరుసునకు సమాంతరముగా కోయబడియుండును. ఒక చక్రపు పన్ను మఱియొక చక్రపు పంటిని తన వెడల్పంతటితోను ఒక్కసారిగా తాకును. పండ్లు ఆదర్శరూపమునకు ఎన్ని మైక్రాన్లు తప్పియున్నను, బరువుచే ఎంత వంగినను, ఆ తాకిడి యందు చిన్న యెదురుదెబ్బ కలుగును. ఇరువది పండ్ల గేరు నిమిషమునకు 3000 చుట్లు తిరిగినచో సెకనుకు ఏబది చుట్లు. కావున సెకనుకు వేయి దెబ్బలు. ఆ వేయి దెబ్బలనే చెవి ఒక్క కూతగా గ్రహించును. వేగముతోబాటు శ్రుతి మాఱుటకు కారణమిది. కార్లలో ముందుకు నడుపు గేర్లకు ఏటవాలు పండ్లు కోయుదురు. అవి అంచునుండి అంచునకు మెల్లగా కలియును గనుక మాట్లాడవు. పెక్కు కార్లలో వెనుక గేరునకు మాత్రము నిలువు పండ్లనే యుంతురు. సందులో కారు వెనుకకు వచ్చునప్పుడు ఇల్లిల్లు వినునట్లు కూయుట అందుచేతనే. మోటారుసైకిలువాడు ఆ వెనుకగేరు కూతను నల్లమల పొడుగునను ముందుకు మోసికొనిపోవుచున్నాడు. ఏటవాలు పండ్లను వీనికిని పెట్టరాదా యనిన, అవి ఇరుసును ప్రక్కకు నెట్టును; ఆ నెట్టుడునకు తట్టుకొను బేరింగులు, స్థలము, ఖర్చు అదనము. అదిగాక గేర్లు ప్రక్కకు జరిగి ఒండొంటిని పట్టుకొను ఈ పెట్టెలో ఆ నెట్టుడు బహుచిక్కు తెచ్చును.

ఇంక తైలము చేయునదేమి? రెండు పండ్ల నడుమ చిక్కిన తైలపుపొర మందము సాధారణముగా ఒక మైక్రానునకు లోపు. ఆ పొర లోహము లోహమును తాకకుండ చూచును, దెబ్బను కొంత మెత్తపఱచును. పంటి ఆకారమును మార్చుట దానికి చేతగాదు. చిక్కని తైలము మెత్తపఱచుట హెచ్చు, పలుచనిది తక్కువ. కావున 40 పోసియున్నవాడు, బండి పుస్తకము అనుమతించినచో, 50కి మాఱుట వలన చెవికి కొంత ఊఱట కలుగును. అంతకుమించి ఆశించువాడు తైలమును గాదు, దంతవైద్యుని వెదకవలెను.

ఇచ్చట ప్రాచీనసంప్రదాయమువారు ఆక్షేపింతురు: మా తండ్రుల బుల్లెట్లలో 20 డబ్ల్యు 50 పోసితిమి, ఎట్టి కూతయు వినమైతిమి, మీ 15 డబ్ల్యు వలననే ఈ పీడ. ఈ ఆక్షేపము రెండువిధముల చెల్లదు. మొదటిది, 20 డబ్ల్యు 50 యును 15 డబ్ల్యు 50 యును ఇంజను కాగినపిమ్మట ఒక్కటే 50. భేదమంతయు పహాడీషరీఫు చేరకమునుపే ఆవిరియగును. రెండవది, ఆ పోతఇనుప ఇంజను బుల్లెట్లలో గేరుపెట్టె వేఱు, దాని తైలము వేఱు. ఇంజనులో పోసిన ఆయిలు గేరు పండ్లను తాకనే లేదు. తాకనిదానికి మౌనము కలిగించిన పుణ్యము దానికి కట్టబెట్టుట భక్తియే కాని తర్కము గాదు. మఱియు ఆ బండి తక్కిన చప్పుళ్లలో గేరుకూత వినగలవానికి తపశ్శక్తి యుండవలెను.

నవీనసంప్రదాయమువారి వాదము సూక్ష్మతరము. వారిట్లందురు: మేము వెల హెచ్చుగల పూర్తి సింథటిక్ పోసితిమి, ఆ దినముననే కూత అణగినది, ప్రత్యక్షమునకు మించిన ప్రమాణ మేది? ప్రత్యక్షము నిజమే, కారణమే తప్పు. మోటారుసైకిలులో గేరుపండ్లు తైలమును దినదినమును కత్తిరించుచుండును. వేడిలో చిక్కదనము నిలుపుటకై కలిపిన పాలిమరు పోగులు ఆ పండ్ల నడుమ నలిగి తునుకలగును. 50గా పోసినది క్రమముగా 40 గుణమునకు జారును. జాసోవారికి ఈ సంగతి తెలియనిది గాదు. కత్తిరింపు పరీక్షకు పిమ్మట 50 తైలము 15.0 సెంటిస్టోకులు నిలుపుకొన్న చాలునని వారు నియమించిరి, ఆ 15.0 ఎస్.ఏ.ఈ. లెక్కలో 40 తరగతిలోనిది. అనగా డబ్బాపై 50 అని వ్రాయించుకొని, పనిలో 40గా మాఱినను, పరీక్షలో ఉత్తీర్ణమైనట్లే. పాత ఆయిలు తీసివేసి క్రొత్తది పోసినప్పుడు పోయిన చిక్కదనము తిరిగివచ్చును, కూత దిగును. ఆ కీర్తి ఆనాడు పోసిన బ్రాండునకు దక్కును. మోటులువారి భక్తుడును, కాస్ట్రాలు భక్తుడును, ఇండియన్ ఆయిలు సర్వో భక్తుడును మొదటి కొన్నివారములు ముగ్గురును సత్యమే పలుకుచుందురు. తాజాదనము మాత్రము ఎవని ప్రకటనలోను లేదు. కాబట్టి సూత్రోక్తలక్షణములు గల మధ్యమవెల తైలమును గడువుకు కొంచెము ముందే మార్చువాడు, మహార్ఘతైలమును గడువు దాటించి నడుపువానికంటె తక్కువ కూత వినును. ఉత్తమసింథటికునకు గుణము లేదని నా యాశయము గాదు. మంచి మూలతైలము పాలిమరుల యవసరమును తగ్గించును గావున నెమ్మదిగా జారును. ఆ గుణమునకు వెల యిచ్చువానిని నేను వారింపను.

చాంద్రాయణగుట్ట ఉస్తాదులు ఈ సిద్ధాంతమును ఒక్క వాక్యమున ముగింతురు: "తేల్ బదల్నే సే ఆవాజ్ కమ్ హోతీ సాబ్, జాతీ నై." అనగా తైలము మార్చిన చప్పుడు తగ్గునేగాని పోదు. ఇంత వ్యాఖ్య వ్రాసిన నేను దీనికి చేర్చగలిగినది సెంటిస్టోకులు మాత్రమే.

కూతయంతయు గేరుకూత యని భ్రమపడరాదు. ఆకస్మికముగా నిన్న లేనిది నేడు పుట్టినదా? మొదట తైలమట్టము చూడవలెను, బండిని నిటారుగా నిలిపి, కంపెనీ చెప్పిన రీతిని. పిదప వెనుక చైను. అతిగా బిగించిన చైను కూయుటయేగాక బేరింగును కూడ తినివేయును. క్లచ్చి పట్టి, ఇంజను నాపి, బండి దిగుడులో దానంతట జారుచుండగా కూత నిలిచియున్నచో దోషము చక్రములదో చైనుదో గేరుపెట్టెదో కాని ఇంజనుది గాదు. త్రాటిల్ వదలిన దిగుడులో మాత్రమే హెచ్చినచో భయపడవలదు. అప్పుడు గేరుపండ్ల వెనుకవైపు ముఖములు కలియును, వాని శ్రుతి వేఱు.

ఖాళీ డబ్బాను కోసి పాఱవేయవలెనని శిష్టాచారము. లేనిచో అది మఱల నిండి మఱియొకనికి క్రొత్తడబ్బాగా అమ్ముడుపోవు భయము గలదు.

చివరి విశేషము. కాచిన బండినుండి పాత ఆయిలును పళ్లెములోనికి విడిచి, ఎండలో అటునిటు వంచి చూడవలెను. నల్లగా నున్నచో సహజము. క్రొత్త బండి మొదటి సర్వీసులో సన్ననిపొడి కొంత తళుకొత్తినను సహజమే. అంతకు పిమ్మటి సర్వీసులలో చూపునకు అందునంతటి వెండిరేకులు మెఱసినచో, కూతతో కూడ మెఱసినచో, అట్టివానికి ఈ టీకతో పనిలేదు, ఏ సంఖ్య గల తైలముతోను పనిలేదు. ఇంజను విప్పవలసినదే; కావలసిన బేరింగులు రాణిగంజిలో దొరకును; ఆదివారము మాత్రము అచ్చటి దుకాణములు పెక్కు మూసియుండును.