ఈతముల్లు

కళాసంస్థలకు ప్రచార వ్యూహాలు తయారుచేసే ఒక కన్సల్టెన్సీలో నేను తెలుగు రాతపని చూసేవాణ్ణి. తోలుబొమ్మలాటను నగరం ప్రేక్షకులకు చేర్చే పని ఒక సంస్థ మాకు అప్పగించింది. లోగో, నినాదం, రెండు నిమిషాల వీడియో, అరవై పేజీల నివేదిక మేం ఇవ్వాలి.

నివేదిక కోసం ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు వెళ్లాను. మేకతోలును వెలుతురు కనపడేంత పలుచగా గీకి, ఆరబెట్టి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులు అద్దుతున్నారు. చాలా ఇళ్లలో ల్యాంప్‌షేడ్లే చేస్తున్నారు. వాటికి గిరాకీ ఉంది. ఆటకు పిలుపులు తగ్గిపోయాయి.

సాయంత్రం ఒక పెద్దాయన నాకోసం ఆట కట్టాడు. తెర అంటే రెండు తెల్లచీరలు. ఒకదాని అంచు కింద ఇంకోదాని అంచు చేర్చి, ఈతముళ్లతో గుచ్చాడు. నా దగ్గరున్న పిన్నీసులు ఇవ్వబోతే తీసుకోలేదు.

"పిన్నీసు తుప్పు పడతాది సామీ, చీరకు మరకవుతాది. ముల్లయితే పీకినా గుడ్డ చెడదు."

బొమ్మను తెరకు ఆనించి నిలబెట్టేదీ ఆ ముల్లే. వెనక బల్బు వెలిగింది. రావణుడు మనిషెత్తున లేచాడు. కాలి కింద చెక్క టకటకమంది. నవ్వించే బొమ్మ బంగారక్క రాగానే వీధి పిల్లలందరూ తెర ముందుకొచ్చి కూర్చున్నారు. నేనూ వాళ్ల మధ్యే కూర్చున్నాను.

తిరిగొచ్చాక మొదటి సిఫారసు రాశాను: "ఈ కళకు కావలసింది వేదిక. మిగతావన్నీ దాని తర్వాతే." ఆ మాట నమ్మే రాశాను.

నివేదిక విడుదల హైదరాబాదులో, ఒక హోటల్లో. ముందు అరగంట మా ప్రసంగం, తర్వాత గంటసేపు లంకాదహనం అని ఆహ్వానంలో వేశాం. పెద్దాయన బృందం ఏడుగురు. బొమ్మల పెట్టెతో రాత్రి రైలెక్కి వచ్చారు. మధ్యాహ్నానికల్లా వెదురుబొంగులు పాతే వీల్లేక కుర్చీలకు కట్టి, చీరలు లాగి, ముళ్లు గుచ్చారు.

ఆరింటికి హోటలువాళ్ల ప్రొజెక్టర్ తెర కిందికి దిగలేదు. మా డైరెక్టర్ చూపు చీరల మీద పడింది. అడగమని నన్ను పంపాడు.

"వాడుకోండి సామీ, దానికేముంది" అన్నాడు పెద్దాయన. గుడ్డలో ముడత ఉంటే అక్షరం వంకర పోతుందని తనే చెప్పి, ఇంకో నాలుగు ముళ్లు గుచ్చాడు.

వెనక వెలుతురుంటే స్లయిడ్లు వెలవెలబోతున్నాయని బల్బు ఆర్పించాం.

2008లో ఈ కళకు వచ్చిన భౌగోళిక గుర్తింపు ఒక స్లయిడు. 2020లో తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి వచ్చిన పద్మశ్రీ ఒక స్లయిడు. తర్వాత మా లోగో: రావణుడి పది తలలు, సన్నటి గీతల్లో. చప్పట్లు మోగాయి. నేను తెర పక్కకు వెళ్లి చూశాను. వెనక చీకట్లో ఏడుగురూ ఎవరి చోట్లో వాళ్లున్నారు. మద్దెల ఒళ్లో ఉంది. పెద్దాయన చేతిలో హనుమంతుడు. మా అక్షరాలు అటువైపు తిరగబడి పడుతున్నాయి. ఆయన రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

ప్రశ్నలు సాగాయి. సన్మానాలు సాగాయి. తొమ్మిదింటికి ముఖ్య అతిథి విమానం టైమైందని లేచారు. భోజనాలు చల్లారుతున్నాయని హోటలువాళ్లు తొందరపెట్టారు. ఆట మరోసారి పెట్టుకుందామని మైకులో చెప్పారు.

హాలు ఖాళీ అయ్యింది. పెద్దాయన ఒక్కో ముల్లూ పీకి, లెక్కపెట్టుకుంటూ చిన్న డబ్బాలో వేసుకున్నాడు. ఒకటి తక్కువైతే కుర్చీల కింద వెతికి తెచ్చిచ్చాను.

ప్రదర్శన జరగలేదు కనక ప్రదర్శన పద్దు కింద డబ్బు ఇవ్వడం కుదరదని మా లెక్కలాయన అన్నాడు. ఏడుగురు వచ్చారని, రెండు రోజుల కూలి పోగొట్టుకున్నారని వాదించాను. ఏదో ఒక పద్దు చూస్తానని లోపలికెళ్లి, అరగంటకు వోచరు రాసి తెచ్చాడు.

సంతకం పెట్టే ముందు అందులో ఏముందో చదివి వినిపించమన్నాడు పెద్దాయన. చదివాను.

"తెర అద్దె, ఒక పూటకు, 1,500 రూపాయలు."